ఎర్ర పోగుల గాలి

నేను షోలాపూర్ దాజీ పేటకు కోడలిగా వచ్చిన మూడో ఏడు అది. పంతొమ్మిది వందల తొంభై ఏడు. వానలు మొదలైన దగ్గర్నుంచి దసరా వరకు మా ఇంట్లో ఒక మగ్గం గురించి తగువు నడిచింది. తగువంటే కేకలూ శాపనార్థాలూ ఏమీ లేవు. మా అత్త ఎల్లమ్మ చాయ్ గ్లాసును మామ ముందు కాస్త గట్టిగా పెట్టేది. మామ పెంటప్ప ఆ చాయ్‌ని చల్లారేదాకా తాగకుండా ఉండేవాడు. మా ఇంట్లో యుద్ధం అంటే అంతవరకే.

ఇల్లు రెండు గదులు. ముందు గది మొత్తం మగ్గమే. మనిషి లోపలికి రావాలంటే గోడకు వీపు ఆనించి, పొట్ట లోపలికి పీల్చుకుని, పక్కకి పక్కకి నడవాలి. పెళ్ళై వచ్చిన రోజు నేను కుడికాలు లోపల పెట్టిన మాట నిజమే కానీ, మిగతా ఒంటిని లోపలికి తేవడానికి ఇద్దరు సాయం పట్టారు. గదిని మగ్గం ఆక్రమించడంతో అత్త బీడీల చాట గడప మీదికి చేరింది. ముప్పై ఏళ్ళుగా ఆమె ఆ గడప మీదే, వీధి వైపు తిరిగి కూర్చుని బీడీలు చుట్టింది. వాన కొడితే తునికాకు తడుస్తుంది, ఎండ కొడితే ఆమె ఎండుతుంది. "మగ్గానికి గది ఉన్నది, నాకు గడప ఉన్నది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, మామకు వినపడేలాగా.

మామ నేసేది వాల్ హ్యాంగింగులు, గోడకు తగిలించుకునే బొమ్మల బట్టలు. గణపతి, శివాజీ, నెమలి, ఎవరి ముఖం అడిగితే వాళ్ళ ముఖం. ఒకప్పుడు ఊపిరాడనంత పని ఉండేదట. నేను వచ్చేసరికి రెండు నెలలకొకటి అడిగితే ఎక్కువ. మా ఆయన వెంకటేశ్ పవర్లూం షెడ్డులో చద్దర్లు నేసేవాడు. మగ్గం విప్పేసి ముందు గదిని మనుషులకు వదిలేద్దామనీ, బాపును తన షెడ్డులోనే కండెలకు నూలు చుట్టే పనిలో పెట్టిస్తాననీ ఆ జూన్‌లో ఆయన తేల్చేశాడు. అత్త వెంటనే తల ఊపింది. నలభై ఏళ్ళు నేసిన మనిషి ఇంకొకరి మగ్గాలకు కండెలు చుడుతూ కూర్చోవడం అంటే ఏమిటో ఆ పేటలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ రోజు మామ అన్నం సగంలో వదిలి లేచాడు.

సరిగ్గా అప్పుడే అంబాదాస్ బావ వచ్చాడు. మా ఆయనకు వరసకు అన్న, పక్క గల్లీలోనే పుట్టి పెరిగి, హోట్గి రోడ్ అవతల ఒక కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పే స్థాయికి ఎదిగినవాడు. చేతిలో ఒక రంగుల ఫొటో. దసరా సెలవుల తర్వాత కాలేజీలో సైన్స్ ప్రదర్శన ఉందట. అందరూ థర్మాకోల్ బొమ్మలే తెస్తారు, షోలాపూర్ వాళ్ళం కదా, మనం ఆకాశాన్ని నేసి పెడదాం అని ఆయన ఆలోచన.

ఫొటోలో నల్లటి ఆకాశం. మధ్యలో ఏటవాలుగా, రెండు కొసలూ సన్నగా, తెల్లగా నీలంగా ఒక గెలాక్సీ. దాని నడుము దగ్గర్నుంచి పైకీ కిందికీ ఎర్రటి పాయలు విరజిమ్ముతున్నాయి. దీన్ని చాలామంది చుట్ట గెలాక్సీ అంటారని, ఆకారం అలా ఉంది కాబట్టి అని, అంబాదాస్ బావ చెప్పాడు. గడప మీద నుంచి అత్త ఒక్కసారి మెడ తిప్పి చూసి, మళ్ళీ ఆకు కత్తిరించుకుంటూ తన తీర్పు చెప్పింది.

"చుట్ట అయితె కొసకెళ్ళి రావాలె పొగ. నడిమిట్లకెళ్ళి వస్తుందంటె ఆకు పగిలినట్టు. మా బీడి కంపెని చెకింగ్‌ల అయితె తీసి అవతల పారేస్తరు."

అందరం నవ్వాం. అంబాదాస్ బావ కూడా నవ్వాడు కానీ, ఆ ఎర్రదే తనకు ముఖ్యమన్నాడు. ఇంతకుముందు ఒక పెయింటరు చేత వేయిస్తే వాడు దాన్ని నున్నగా తామరరేకుల్లా దిద్దాడట, అందుకే తిప్పి పంపాడట. బొమ్మలో తప్పుంటే సొంత మనిషని కూడా చూడనని, తీసుకుపోనని మామకు మొహం మీదే చెప్పాడు.

మామ ఫొటోను చాలాసేపు చూసి, చాయ్ వేడివేడిగా తాగాడు. అక్కడికక్కడే ఒప్పందం కుదిరింది. దసరాకు ముందు రోజు, ఖండేనవమి నాడు ఎలాగూ మగ్గానికి పూజ చేస్తాం. ఆ పొద్దున అంబాదాస్ వచ్చి బట్టను తీసుకుపోతే మగ్గం ఉంటుంది. వద్దంటే, పూజ అయ్యాక అదే రోజు విప్పేస్తారు, మామ షెడ్డుకు పోతాడు. మామే ఆ మాట అన్నాడు. వెంకటేశ్ సరే అన్నాడు. అత్త "చూస్తా" అంది.

శ్రావణంలో ఒక ఆదివారం అంబాదాస్ బావ మమ్మల్ని కాలేజీకి పిలిచాడు, స్లైడ్లు చూపిస్తానని. ఆ వారం బీడీల లెక్క వెనకబడిందని అత్త రానంది. మామ, వెంకటేశ్, నేను వెళ్ళాం. గది చీకటి కావాలి కాబట్టి కిటికీలకు చద్దర్లు కట్టారు. మామ ముందుగా తెర వైపు చూడలేదు. కిటికీ దగ్గరికి పోయి, చద్దర్ అంచు వేళ్ళ మధ్య నలిపి, ఇది ఫలానా పేట షెడ్డుదని, పేక పలచగా కొట్టారని తేల్చి, ఆ తర్వాతే వచ్చి కూర్చున్నాడు.

తెర మీద ఆ గెలాక్సీ గోడంత అయింది. దాని వెలుగు అక్కడ బయలుదేరి ఇక్కడికి రావడానికి కోటీ ఇరవై లక్షల ఏళ్ళు పట్టిందట. అంబాదాస్ బావ కర్రతో మధ్యలో చూపించాడు. ఆ చిన్న జాగాలో వందకు పైగా నక్షత్రాల గుంపులున్నాయని, ఆకాశంలో తిరిగే దుర్బీనుతో రెండేళ్ళ కిందటే లెక్క తేల్చారని చెప్పాడు. ఒక్కో గుంపులో లక్షల చుక్కలు, మన పేటలో జనంలా ఒకదాని మీద ఒకటి. వాటిలో పెద్దవి మహా వేడివి. బతికినన్నాళ్ళూ తమ ఒంటి నుంచి గాలి ఊదుతూ ఉంటాయి, తొందరగా కాలిపోయి చివరికి పేలిపోతాయి. ఒక్క నక్షత్రం ఊదితే చుట్టూ కాస్త గాలి కదిలి ఆగిపోతుంది. గుంపుకు గుంపు ఒకేసారి ఊది, ఒకదాని వెనక ఒకటి పేలితే మాత్రం ఆ వేడంతా కలిసి ఒక్క తోపుగా బయటికి తన్నుకొస్తుంది. పోతూ పోతూ చల్లటి వాయువును కూడా చింపి లాక్కుపోతుంది. ఆ ఎర్రటి పాయలు అవే.

ఎవరూ ఊహించని విధంగా ఇక్కడ మా ఆయన నోరు తెరిచాడు. షెడ్డులో ఒక్క మగ్గం నడిస్తే దూది నూగు దాని కిందే రాలుతుందని, ఇరవై నాలుగు మగ్గాలు ఒక్కసారి నడిస్తే ఆ వేడికి నూగంతా లేచి పైకప్పు సందుల్లోంచి బయటికి పోయి, పక్కింటివాళ్ళు ఎండబెట్టుకున్న అప్పడాల మీద పడుతుందని, దాని మీద రోజూ తగాదాలేనని చెప్పాడు. అంబాదాస్ బావ కర్ర పక్కన పెట్టి, ఇంత బాగా తన క్లాసులో ఎవరూ చెప్పలేదన్నాడు. షెడ్డు పొడుగ్గా ఉన్నా నూగు పొడుగునా పోదు, దగ్గరగా ఉన్న కప్పు వైపే పోతుంది. గెలాక్సీ కూడా అడ్డంగా వెడల్పు, మందం తక్కువ. అందుకే గాలి పైకీ కిందికీ దారి చేసుకుందట. మా ఆయన ఆ రోజంతా ఛాతీ ముందుకు పెట్టుకుని నడిచాడు.

మామ అడిగింది ఒక్కటే. ఆ ఎర్రది గెలాక్సీకి అంటుకుని ఉన్నదా, ఇడిసిపెట్టి పోతున్నదా అని.

"పోతున్నది కాకా. సెకనుకు వందల కిలోమీటర్లు" అన్నాడు అంబాదాస్ బావ. "కొంత మళ్ళ కింద పడ్తది. కొంత ఇగ రాదు."

"బర్" అన్నాడు మామ, సరే అన్నట్టు.

ఆ తర్వాత వారాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మామ గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపాడు, అట్టలకు చిల్లులు కొట్టించి, ఆ చిల్లుల లెక్కన పడుగు పోగులు ఎత్తే జకార్డుకు ఎక్కించాడు. నల్లటి నేల మీద తెలుపు, నీలం కలిసిన గెలాక్సీ అట్టల లెక్క ప్రకారం దిగుతూ వచ్చింది. ఎర్రది మాత్రం అట్టలకు లొంగలేదు. దాన్ని చేత్తోనే వేయాలి. నేను చిన్న చిన్న కండెలకు ఎర్ర నూలు చుట్టి ఇచ్చాను. మొదటిసారి ఆయన మామూలుగానే బట్టలో కలిపి నేశాడు. రెండు రోజుల పని. లేచి నిలబడి చూసుకుని, కుంకుమబొట్టు పెట్టినట్టుందని, మొత్తం ఊడదీశాడు. పోయేదాన్ని బట్టలో కట్టేస్తే అది ఎట్లా పోతుందని నన్నే అడిగాడు, జవాబు నా దగ్గరున్నట్టు.

రెండోసారి ఎర్ర పోగును మొదలు దగ్గర రెండు మూడు పడుగు పోగుల కింద దూర్చి, మిగతాదంతా బట్ట మీద వదులుగా వదిలేశాడు. లోపల పొట్టివి, బయటికి పోయేకొద్దీ పొడుగువి, మూడు వందల పై చిలుకు. నేను ఊదితే అవి కదిలాయి. మామ నా వైపు చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఈ మగ్గం పోకూడదని నాకు గట్టిగా అనిపించింది.

ఇదంతా అత్తకు తెలియదు. ఆమె ముఖం వీధికి, వీపు మగ్గానికి. నేసిన బట్ట ఎప్పటికప్పుడు కర్రకు చుట్టుకుపోతుంది. చూడమని ఎవరైనా అంటే "నాకు పనున్నది" అనేది. నిజంగానే ఉండేది, రోజుకు వెయ్యి బీడీలు.

సద్దుల బతుకమ్మకు ముందు రోజు మధ్యాహ్నం బట్ట పూర్తయింది. మామ మగ్గం నుంచి కోసి, మడతపెట్టి, పై కర్రా ఇత్తడి కొక్కేలూ చేయించడానికి వెంకటేశ్‌ను తీసుకుని వడ్రంగి దగ్గరికి పోయాడు. నేను అత్తవీ నావీ బీడీ కట్టలు ఎత్తుకుని కంపెనీకి పోయాను.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మగ్గం దిగిన ఏ బట్టైనా ముందు అత్త చేతిలోకి పోతుంది. మీద తేలిన పోగులు, తోకలు, ముళ్ళు అన్నీ ఆమె ఆకు కత్తిరించే కత్తెరతోనే తీసేస్తుంది. ఆమె చెయ్యి పడిన బట్ట మీద చెంప ఆనిస్తే ఏమీ గీసుకోదని పేటంతా పేరు. ఇది చేయమని మామ ఏనాడూ చెప్పలేదు, చేయాలా అని ఆమె ఏనాడూ అడగలేదు. ఆయన మడతపెట్టి గడప దగ్గర ఆమె చాట పక్కన పెడతాడు, ఆమె అందుకుంటుంది. అంతే. ఆ రోజు కూడా ఆయన చేతులు మెదడును అడగకుండా బట్టను తీసుకుపోయి అక్కడే పెట్టాయి.

నేను తిరిగి వచ్చేసరికి అత్త ముఖం వెలిగిపోతోంది. నాలుగు నెలల తర్వాత ఆమె నవ్వు చూడటం. బట్టను నా ముందు విప్పి పరిచింది. నల్లటి ఆకాశం, తెల్లటి గెలాక్సీ. ఒక్క ఎర్ర పోగు లేదు. మొదళ్ళ దగ్గర గోరంత మోళ్ళు మాత్రం, ముట్టుకుంటేనే తెలిసేటట్టు.

"ఆఖరుదాయె" అంది అత్త. "ముసలాయన కండ్లు మసకవడ్డట్టున్నయి, గన్ని పోగులు ఇడిసిండు. ఒక్కటి లేకుంట చేసిన. మంచిగ పోవాలె ఆయన చేతికెళ్ళి."

చెప్పక తప్పలేదు. ఫొటో తెచ్చి పక్కన పెట్టాను. ఆమె ఫొటోను చూసింది, బట్టను చూసింది, మళ్ళీ ఫొటోను చూసింది. కత్తెరను మెల్లగా చాట కింద దాచింది, చిన్నపిల్లలు దాచినట్టు.

మగవాళ్ళు కర్ర భుజాన వేసుకుని వచ్చారు. ముందు వెంకటేశ్ చూశాడు. గొంతు తగ్గించి, అయినా నాకు వినపడేలా తల్లితో అన్నాడు.

"అవ్వా, మనం ఎట్లయినా గెల్సేదే ఉండె. గిట్లెందుకు చేసినవ్?"

అత్త కావాలని చేయలేదని నాకు తెలుసు. ఆమె నవ్వు చూసింది నేనొక్కదాన్నే. ఆ మాట చెప్పబోయాను కానీ, మామ అప్పటికే బట్ట ముందు కూర్చున్నాడు. అరచేత్తో ఒకసారి మొత్తం తడిమాడు. నాకైతే ఏడుపొచ్చింది. ఆయన కొడుకు వైపు తల తిప్పకుండానే అన్నాడు.

"ఆడ పెట్టింది నేనే కదరా."

తర్వాత అత్త వైపు తిరిగి, తీసిన పోగులు ఏమయ్యాయని అడిగాడు. అత్త లేచి, లోపల్నుంచి తంబాకు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. నూలు పోగును పారేయడం ఆమెకు పుట్టుకతో రాదు. బతుకమ్మకు పూలు కట్టడానికి పనికొస్తాయని ఎర్ర పోగులన్నీ దువ్వి, పొడుగువి ఒక వైపు, పొట్టివి ఒక వైపు, కట్టలు కట్టి పెట్టింది. మామ ఒక కట్ట పైకి తీసి, వేళ్ళ మధ్య పరిచి చూశాడు.

"పడుగులు అతికిన చెయ్యి నీది" అన్నాడు. "అతుకు."

అత్త పెళ్ళికాకముందు నుంచే పడుగులు అతికేది. పాత పడుగు కొసకు కొత్త పడుగు కొసను ముడి లేకుండా, వేళ్ళకు బూడిద రాసుకుని పురి పెట్టి కలపడం. రోజుకు వేల పోగులు అతికేదట. కానీ దానికి బట్ట బిర్రుగా ఉండాలి. నేల మీద పరిస్తే కుదరదు. బట్టను మళ్ళీ మగ్గానికే ఎక్కించాలి. తండ్రీ కొడుకులిద్దరూ కలిసి రెండు కర్రల మధ్యా బిగించి కట్టారు. మా ఆయన తప్పు తెలుసుకున్నట్టుంది, తాళ్ళన్నీ తనే లాగాడు. కట్టడం అయ్యాక మామ, మగ్గం ముందు తను కూర్చునే పలక మీద నుంచి పక్కకు జరిగాడు.

"కూసో" అన్నాడు.

అత్త ఆ మగ్గానికి ముప్పై రెండేళ్ళు పడుగులు అతికింది, గంజి పెట్టింది, కండెలు చుట్టింది. ఆ పలక మీద మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు. కూర్చోమనీ అనలేదు. ఆమె చీర దగ్గరికి లాక్కుని, మగ్గం గుంటలోకి కాళ్ళు వదిలి కూర్చుంది. తల ఎత్తి చుట్టూ చూసింది. అక్కడి నుంచి చూస్తే ఎదురుగా వాకిలి, వాకిట్లో గడప, గడప మీద ఆమె చాట.

"ఈడికెళ్ళి నేను కనవడ్తనా?" అంది.

"వీపు కనవడ్తది" అన్నాడు మామ. "ముప్పై ఏండ్ల సంది అదే చూస్కుంట నేసిన."

అత్త బూడిద తెమ్మని నన్ను కసిరింది. నేను బూడిద కోసం లోపలికి పోయి, అవసరానికన్నా కాసేపు ఎక్కువే అక్కడున్నాను.

పొద్దుపోయేలోగా వంద పోగులైనా కాలేదు. మర్నాడు సద్దుల బతుకమ్మ. పొద్దున్నే పూల బుట్టతో వచ్చిన ఎదురింటి సీతాబాయి, మగ్గం మీద ఎల్లమ్మను చూసి బుట్ట కింద పెట్టేసింది. ఆమె వెళ్ళి ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చింది. వాళ్ళ వెనక ఇంకో నలుగురు. అందరూ బీడీ కట్టే చేతులే, వేలి కొసతో సన్న దారం తిప్పి బిగించడం వాళ్ళకు ఒకరు నేర్పాలా? ముందు గదిలో నిలబడే చోటు లేక, కొందరు మగ్గం కిందికి దూరి అడుగు వైపు నుంచి అందుకున్నారు. నేను బూడిద అందిస్తూ, ఆ ఎర్రది ఏమిటో అత్తకు మొదట్నుంచి చెప్పాను. గుంపుల గురించి, పేలడం గురించి, షెడ్డు నూగు గురించి. ఆమె పురి పెడుతూనే వింది.

"అంటె ఆకు పగల్లేదు" అంది చివరికి. "లోపట గుంపుగ ఉన్నోళ్ళే నూకుతున్నరు."

సీతాబాయి మగ్గం కింద నుంచే, ఇప్పుడు ఈ గదిలో ఇంకొకరు వస్తే మనలోనూ ఎవరో ఒకరు పైకప్పులోంచి పోవాల్సిందేనంది. నవ్వులతో బట్ట ఊగింది. చేతులు ఆపమని అత్త అందరి మీదా ఒక్క అరుపు అరిచింది.

మధ్యాహ్నానికి కొత్త చిక్కు వచ్చింది. లోపలి పొట్టి పోగులు బాగానే కలిశాయి. బయటి పొడుగువాటిలో కొన్నిటిని అత్త తీసేటప్పుడే రెండు మూడు ముక్కలు చేసింది, మరీ చిన్నవి అతుక్కు నిలవలేదు. కొసలకు నూలు చాలలేదు. పండగపూట ఆ ఎరుపు ఏ దుకాణంలో దొరుకుతుంది? సీతాబాయి తన కొంగు ముడి విప్పి బీడీ దారం ఉండ తీసింది. కంపెనీ దారం, గులాబీ ఎరుపు. తలా కాస్త ఇచ్చారు. రంగు కొంచెం వెలిసినట్టే ఉంది. మామ దగ్గరికి వచ్చి చూసి పెదవి విరిచాడు కానీ, ఆపమనలేదు. సాయంత్రం బతుకమ్మ ఎత్తుకునే వేళకు అత్త ఆఖరి పోగుకు పురి పెట్టి, బూడిద చేతులతోనే లేచింది. ఆ ఏడు మా బతుకమ్మ కాస్త పొట్టిది. పూలు పేర్చే తీరిక ఎవరికి ఉంది?

ఖండేనవమి పొద్దున మగ్గాన్ని కడిగి పసుపు పెట్టాం. బట్టను పై కర్రకు తగిలించి గోడకు వేలాడదీశాం. గుమ్మంలోంచి గాలి వచ్చినప్పుడల్లా ఎర్ర పోగులు కదిలాయి. దూరం నుంచి చూస్తే అద్భుతం. దగ్గరికి పోతే మాత్రం ప్రతి పోగు మీదా అతుకులు. పురి పెట్టిన చోటల్లా చిన్న గింజంత లావు, ఒక్కో దాని మీద రెండు మూడు. కొసలు వెలిసిన రంగు. మామకు అవన్నీ కనపడుతున్నాయి. స్నానం చేసి, మంచి ధోతీ కట్టుకుని, మగ్గం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అంబాదాస్ బావ వచ్చాడు. కళ్ళజోడు తుడుచుకుని, ముందు దూరం నుంచి, తర్వాత ముక్కు ఆనేంత దగ్గర్నుంచి చూశాడు. ఒక అతుకును గోటితో తాకాడు. ఇదేమిటని అడిగాడు. మామ నోరు తెరవబోయాడు. అత్త ఆయన్ను పక్కకు జరిపి ముందుకు వచ్చింది.

"నేను కోసిన. నేనే అతికిన" అంది. "కొసలకు బీడి దారం. తప్పు ఆయనది కాదు, నాది. తీస్కపోకపోతె నన్ను తిట్టు, ఆయన్ను షెడ్డుకు తోలకుండ్రి."

నాలుగు నెలలు మగ్గం విప్పుదామన్న మనిషి ఆమేనని ఆ క్షణంలో ఆమెకే గుర్తులేదు. అంబాదాస్ బావ మగ్గం మీదున్న ఫొటో అందుకుని, వేలితో చూపించి నన్ను పిలిచాడు, పోయి చూడమని. నేను చూశాను. అన్ని రోజులు ఇంట్లో ఉన్న ఫొటోనే, అయినా అంత దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు. ఎర్ర పాయలు నున్నగా లేవు. ప్రతి పాయలోనూ అక్కడక్కడా గడ్డలు, చిక్కులు, తెగి మళ్ళీ కలిసినట్టు. బయటికి పోయేకొద్దీ రంగు పలచబడింది.

"ఆ గాలి నున్నగ పోదు చిన్నమ్మా" అన్నాడు అంబాదాస్ బావ అత్తతో. "చింపుకుంట పోతది, ముద్దలు ముద్దలుగ. నున్నగ గీసిండనే పెయింటరుది వాపస్ చేసిన. దారంతోని ఇది అయ్యే పని కాదని నాకు నేనే అనుకున్న." మామ వైపు తిరిగాడు. "కాకా, ఇంత మంచిగ నువ్వొక్కనివి చెయ్యకపోదువు."

మామ నొచ్చుకోవాల్సింది. నొచ్చుకోలేదు. "నిజమే" అన్నాడు.

బట్టను మడతపెట్టవద్దని, చుట్టగా చుట్టి తీసుకుపోవాలని అత్త అంబాదాస్ బావకు పది జాగ్రత్తలు చెప్పింది. ఆయన దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పోయాడు. వెంకటేశ్ కొబ్బరికాయ కొట్టి, మగ్గానికి కుంకుమ పెట్టి, ఎవరూ అడగకుండానే దండం పెట్టాడు. మగ్గం విప్పే మాట మళ్ళీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ప్రదర్శన చూసి ఇంకో బడివాళ్ళు అడిగారు, ఆ తర్వాత పుణె నుంచి ఒకరు అడిగారు. పోగులు వదులుగా వదిలి, అతికి, గడ్డలు కట్టించే పని మామ చేతికి చివరిదాకా పట్టుబడలేదు. ఆయన పురి పెడితే నున్నగా వచ్చేది. కాబట్టి మధ్యాహ్నాలు పలక మీద అత్త కూర్చునేది, నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. ఆమెకు ఎర్ర కండెలు ఎవరు చుట్టాలి? షెడ్డుకు పోనక్కర్లేకుండానే మామకు కండెలు చుట్టే పని తప్పలేదు. ఆయన రాట్నం తీసుకుని, చాట తీసేసిన గడప మీద, వీధి వైపు ముఖం పెట్టి కూర్చునేవాడు. పోయేవాళ్ళను పలకరించేవాడు. మహా సంతోషంగా ఉండేవాడు.

మొదటి రోజు అత్త పలక మీద కూర్చుని, పోగు చేతికి తీసుకుని, గడప మీది మామ వీపును చూసింది.

"ఓ పెంటప్పా" అని పిలిచింది. మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం నేను వినడం అదే మొదలు. "గిటు తిరిగి కూసో."